సంకెల విప్పిన చేతులు

పారిస్ నగరములోని సాల్పెత్రియేర్ వైద్యశాలను గూర్చిన ప్రసిద్ధమైన చిత్రపటమొకటి కలదు. 1876లో తోనీ రాబేర్ ఫ్లూరీ అను చిత్రకారుడు దానిని రచించెను. పటము నడుమ ఒక వైద్యుడు గంభీరముగా నిలిచియున్నాడు. ఆయనకు ఎదురుగా ఒక యువతి. ఆమెకు బిగించిన బంధములను ఒక పరిచారకుడు విప్పుచున్నాడు. వేరొక స్త్రీ వైద్యుని చేతిని ముద్దుపెట్టుకొనుచున్నది. ఆ వైద్యుడు ఫిలిప్ పినెల్. మనోరోగులను సంకెలలనుండి విడిపించిన మహనీయుడుగా ప్రపంచము ఆయనను ఎరుగును.

పినెల్ మహనీయుడే, అందు సందేహము లేదు. కాని పటమును చూచునప్పుడు మన దృష్టి వైద్యుని ముఖముపై నిలుచునే గాని, బంధములు విప్పుచున్న చేతులపై నిలువదు. చరిత్రలోను అట్లే జరిగినది. బిసెత్ర అను ఆశ్రమమున ఇనుప సంకెలలను తీసివేయించినవాడు వైద్యుడు కాడు. అతడు తోళ్లు పదునుచేయు వృత్తివాడు. తానును ఒకప్పుడు రోగియై ఆ గోడల లోపల అడుగుపెట్టినవాడు. అతని పేరు జాన్ బాప్తిస్త్ పుస్సాన్. నేటి ప్రసంగమున మేము చెప్పదలచినది అతని కథ, అతని వెనుక వచ్చిన మరికొందరి కథ. వ్యాధిని అనుభవించి తేరుకొన్నవాడు మరియొక రోగికి ఏ విధముగా తోడు కాగలడు? ఆ తోడు నిజముగా మేలు చేయుచున్నదని మనకెట్లు తెలియును? ఈ రెండు ప్రశ్నలే మా విషయము.

పుస్సాన్ 1745లో జన్మించెను. 1771లో గండమాల వ్యాధితో పారిస్ పొలిమేరలోని బిసెత్రలో చేరెను. ఆ కాలమున బిసెత్ర కేవలము వైద్యశాల కాదు. చెరసాల, అనాథశరణాలయము, పిచ్చివారి కొట్టము, అన్నియు ఒక్క ప్రాకారములోనే ఇమిడియుండెను. రోగము కుదిరిన తరువాత అతడు అక్కడనే నిలిచిపోయెను. చిన్న చిన్న ఉద్యోగములు చేయుచు, 1785 ప్రాంతమున మనోరోగుల విభాగమునకు పర్యవేక్షకుడయ్యెను. అతని భార్య మార్గరీత్ కూడ ఆ పనిలో అతనికి చేదోడుగా నుండెను.

ఆనాటి పిచ్చివారి స్థితిని గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. వారు మనుష్యులన్న భావమే సమాజమునకు సన్నగిల్లియుండెను. గొలుసులు, చీకటి గదులు, గడ్డిపరుపులు వారి భాగ్యము. లండనులోని బెత్లెమ్ ఆశ్రమమున 1770 వరకు నగరవాసులు తీర్థమునకు పోయినట్లు పోయి, రోగులను చూచి వినోదించి వచ్చెడివారు. కొట్టనిదే పిచ్చి అణగదని కాపలావాండ్రు నమ్మెడివారు.

పుస్సాన్ ఒక నియమము పెట్టెను. రోగి తిట్టినను, కొట్టవచ్చినను, పరిచారకుడు తిరిగి కొట్టరాదు. కొట్టినవానికి అచ్చట ఉద్యోగము లేదు. ఈ నియమమును పాటించువారెవరు? బయటినుండి వచ్చినవారు పాటింపలేకపోయిరి. అందువలన అతడు సాధ్యమైనంతవరకు కోలుకొన్న రోగులనుండియే పరిచారకులను ఎన్నుకొనసాగెను. వారు ఆ బాధను ఎరిగినవారు. రోగి అరచినంతమాత్రమున బెదరరు. కొట్టుమన్నను చేయి ఎత్తుటకు వెనుదీయుదురు. ఇట్లు నిన్నటి రోగి నేటి రోగికి కాపయ్యెను. వేతనము పుచ్చుకొని రోగి తోటి రోగిని ఆదుకొనుట అను పద్ధతి వైద్యశాలలో ఒక విధానముగా నిలిచిన తొలి ఉదాహరణములలో ఇది యొకటి.

1793లో పినెల్ బిసెత్రకు వైద్యుడుగా వచ్చెను. అప్పటికే ఆ విభాగము నడచుచున్న తీరు చూచి ఆశ్చర్యపడెను. గ్రంథములు చదివిన వైద్యుడు వైద్యవిద్య చదువని పర్యవేక్షకుని వద్ద శిష్యరికము చేసెననిన అతిశయోక్తి కాదు. 1795లో పినెల్ స్త్రీల ఆశ్రమమైన సాల్పెత్రియేరునకు మారెను. ఆయన వెళ్లిపోయిన తరువాత, 1797లో, పుస్సాన్ బిసెత్రలోని మనోరోగుల ఇనుప సంకెలలను తీసివేయించెను. సంకెలలకు బదులుగా బిగుతుచొక్కాలు వచ్చినవన్న మాట కూడ దాచరాదు. నిర్బంధము ఒక్కనాటితో మాయము కాలేదు. కాని ఇనుము పోయెను. 1802లో పినెల్ పట్టుబట్టి పుస్సానును తన వద్దకు రప్పించుకొనెను. 1811లో కన్నుమూయువరకు అతడు అచ్చటనే పనిచేసెను. పినెల్ తన 1801 నాటి గ్రంథమున పుస్సాను పేరు చెప్పి కొనియాడెను. ఆయన దాచలేదు, మరచినది మనము.

పుస్సాన్ కనికరము గలవాడు మాత్రమే కాడు, కనిపెట్టి వ్రాసికొనువాడు. ఎవరు వచ్చిరి, ఎవరు కోలుకొనిరి, ఎవరు మరణించిరి అను లెక్కలను అతడు ఉంచి, తాను గమనించిన విషయములను పినెలునకు వ్రాతమూలమున తెలిపెను. విప్లవకాలపు కరవులో రొట్టె కొలత తగ్గించినప్పుడు రోగుల మరణములు పెరిగెనని పినెల్ ఎత్తిచూపెను. అనగా కొందరి చావునకు కారణము పిచ్చి కాదు, ఆకలి. లెక్క లేనిచో ఈ సత్యము ఎవరికిని తెలిసెడిది కాదు. 1807లో పినెల్ తన వైద్యశాలలో చేరినవారిలో ఎంతమంది నయమైరో గణించి ఫ్రెంచి విద్వత్పరిషత్తు ఎదుట నివేదించెను. దయయును లెక్కయును ఒకే ఇంటిలో కాపురముండగలవని ఆ ఇరువురును చూపిరి.

ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులో మరియొక ప్రయత్నము జరిగెను. 1790లో హానా మిల్స్ అను క్వేకరు మతస్థురాలు యార్కు నగరపు పిచ్చాసుపత్రిలో చేరి, కొన్ని వారములకే మరణించెను. ఆమెను చూచుటకు స్వమతస్థులు పోగా లోనికి రానీయలేదు. దానితో విలియం ట్యూక్ అను టీ వర్తకుడు పూనుకొని 1796లో రిట్రీటు అను ఆశ్రమమును తెరచెను. అచ్చట గొలుసులు లేవు, దెబ్బలు లేవు. తోటపని, కుట్టుపని, కలసి భోజనము చేయుట, ఇవియే ముఖ్యమైన మందులు.

దయ ఒక్కటియే చాలునా? చాలదని చెప్పిన పాఠము యుద్ధభూమినుండి వచ్చినది. 1854లో క్రిమియా యుద్ధమున ఫ్లారెన్స్ నైటింగేల్ స్కుటారి సైనిక వైద్యశాలకు పోయెను. ఆమెయు, ఆమె వెంట వచ్చిన నర్సులును రేయింబవళ్లు శ్రమించిరి. అయినను 1855 ఫిబ్రవరిలో అచ్చట చేరినవారిలో నూటికి 42 మంది మరణించుచుండిరి. మార్చిలో ఆరోగ్య సంఘము వచ్చి మురుగుకాలువలు శుభ్రపరపించి, గాలి వచ్చునట్లు చేయించెను. జూన్ నాటికి మరణములు నూటికి రెండునకు దిగెను. దీపము పట్టుకొని తిరిగిన దేవతగా లోకము ఆమెను కీర్తించుచుండగా, ఆమె మాత్రము స్వదేశమునకు వచ్చి విలియం ఫార్ అను గణాంకవేత్తతో కూర్చుండి మరణముల పట్టికలు తిరుగవేసెను. 1858లో ఆ లెక్కలను బొమ్మలుగా గీయించి ప్రభుత్వమునకు చూపెను. 1860లో లండనులో నర్సుల శిక్షణాలయమును స్థాపించెను. నర్సు పనికి జాలిగుండె చాలదు. చేసినది ఫలించినదో లేదో కనిపెట్టు కన్ను కూడ కావలెనన్నది ఆమె జీవితసారము.

ఇక రోగులే నోరు విప్పిన కథకు వత్తము. క్లిఫర్డ్ బీర్స్ అమెరికాలో 1876లో పుట్టి, యేల్ విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొన్న యువకుడు. 1900లో తీవ్రమైన మనోవ్యథలో కిటికీనుండి క్రిందికి దూకెను, బ్రతికెను. తరువాత మూడేండ్లు మూడు వైద్యశాలలలో గడపెను. కొట్లు తిట్లు అనుభవించెను, బిగుతుచొక్కాలో రాత్రులు గడపెను. కోలుకొనిన పిదప ఈ విషయమును కప్పిపుచ్చి పెద్దమనిషిగా తిరుగుట అతనికి కష్టము కాదు. కాని అతడు 1908లో తన పేరుతోనే, తన అనుభవములన్నిటిని గ్రంథముగా ప్రకటించెను. తత్త్వవేత్త విలియం జేమ్స్ దానికి ఆదరవాక్యములు వ్రాసెను. ఆ యేడే కనెక్టికట్ రాష్ట్రమున, 1909లో దేశమంతటికిని మానసిక ఆరోగ్య సంఘములు వెలసెను. బీర్స్ చివరి దినములలో మరల జబ్బుపడి 1943లో వైద్యశాలలోనే మరణించెను. వ్యాధి తిరిగివచ్చినంతమాత్రమున అతడు చేసిన పని వ్యర్థమా? కోలుకొనుట యనగా మరల ఎన్నడును పడకుండుట కాదు. పడినను మనిషిగా మిగులుట. ఇది అతని జీవితము మనకు చెప్పునది.

1937లో చికాగోలో ఏబ్రహాం లో అను మానసిక వైద్యుని వద్ద చికిత్స పొందినవారు రికవరీ అను సంఘముగా కూడిరి. వైద్యుడు పద్ధతి నేర్పెను. సమావేశములు నడపినవారు మాత్రము క్రమముగా ఆ రోగులే అయిరి. న్యూయార్కు రాష్ట్రపు రాక్లండ్ వైద్యశాలలో పరిచయమైన కొందరు రోగులు, ఇంటికి వచ్చిన తరువాత కూడ ఒకరినొకరు విడువక, నగర గ్రంథాలయపు మెట్లపై కలసికొనెడివారట. మేము ఒంటరులము కాము అన్నది వారు తమ సంఘమునకు పెట్టుకొన్న పేరు. 1948లో వారికి ఒక ఇల్లు అమరెను. అదియే ఫౌంటెన్ హౌస్. అచ్చట వచ్చినవాడు రోగి కాడు, సభ్యుడు. వంట, లెక్కలు, ఊడ్చుట మొదలు అన్ని పనులును సభ్యులును ఉద్యోగులును ప్రక్కప్రక్కనే నిలిచి చేయుదురు. ఆ నమూనాను అనుసరించి తరువాత అనేక దేశములలో అట్టి గృహములు వెలసినవి.

నర్సుల విషయమునకు మరల వత్తము. 1930లలో మనోరోగులకు ఇన్సులిన్ ఇచ్చి స్పృహ తప్పించు చికిత్స ప్రపంచమంతటను వ్యాపించెను. ప్రాణాపాయము గలదైనను, ఎంతోమంది మెరుగైరని వైద్యులు నమ్మిరి. 1953లో హెరాల్డ్ బోర్న్ అను యువ వైద్యుడు అది వట్టి భ్రమ యని వ్రాయగా పెద్దలు ఆయనపై విరుచుకుపడిరి. 1957లో లండనులో బ్రియన్ ఆక్నర్ మొదలగువారు పరీక్ష జరిపిరి. కొందరికి ఇన్సులినుతోను, కొందరికి వేరొక నిద్రమందుతోను స్పృహ తప్పించి, తక్కిన సంరక్షణయంతయు ఒక్కతీరుగా చేసిరి. ఫలితములో భేదము కనుపింపలేదు. మరి ఇన్నాళ్లు కనిపించిన మేలు ఎక్కడిది? ఇన్సులిన్ గదులలో ఏరికోరి నియమించిన నర్సులుండెడివారు. అనుక్షణము రోగి ప్రక్కన ఉండెడివారు. రోగులు ఒక జట్టుగా కలసి తిని, కలసి ఆడెడివారు. మేలు చేసినదేదైన ఉన్నచో అది సూది కాక, ఆ సాంగత్యమే అయియుండవచ్చును. 1952లోనే హిల్డెగార్డ్ పెప్లావ్ అను అమెరికా నర్సు, రోగికిని నర్సుకును నడుమ ఏర్పడు సంబంధమే చికిత్సలో ప్రధానాంగమని గ్రంథము వ్రాసియుండెను.

ఈనాటి పరీక్షలు ఈ చరిత్రకు కొనసాగింపు. ఇంగ్లండులో లెన్ బవర్స్ అను ఆచార్యుడు పదిహేను వైద్యశాలలలోని 31 వార్డులను తీసికొని, కొన్నిటిలో పది చిన్న ఉపాయములను ప్రవేశపెట్టెను. మెత్తగా మాటాడు విధము, చెడువార్త తెలిపిన పిమ్మట తోడుండుట వంటివి అవి. వానిలో ఒకటి మా మనసునకు హత్తుకొనినది. ఇంటికి పోవుచున్న రోగి, క్రొత్తగా రాబోవు రోగికొరకు, నాలుగు ధైర్యవచనములు వ్రాసి గోడపై తగిలించి పోవును. 2015లో వెలువడిన ఫలితముల ప్రకారము, ఆ వార్డులలో ఘర్షణలు నూటికి 15 పాళ్లును, నిర్బంధచర్యలు సుమారు నాలుగవ వంతును తగ్గెను. పుస్సాను ఉన్నచో సంతోషించియుండును.

తోటి రోగుల సాయమును గూర్చిన లెక్కలును వచ్చినవి. 2018లో సోనియా జాన్సన్ మొదలగువారు ఇంగ్లండులో 441 మందిపై జరిపిన పరీక్షను ప్రకటించిరి. తీవ్రస్థితినుండి తేరుకొనినవారికి, అట్టి అనుభవము గలవారు పది పర్యాయములవరకు కలసికొని, కోలుకొను ప్రణాళిక వ్రాసికొనుటలో సాయపడిరి. సంవత్సరములోపల మరల తీవ్ర చికిత్స అవసరమైనవారు, సాయము పొందినవారిలో నూటికి 29, పొందనివారిలో 38. అయితే 2022లో వెలువడిన మరియొక పెద్ద పరీక్షలో, వైద్యశాల విడిచినవారికి ఇట్టి తోడు ఏర్పరచినను, మరల చేరువారి సంఖ్యలో చెప్పుకోదగిన భేదము కనుపింపలేదు. ఈ రెండవ మాటను దాచుట మాకు ఇష్టము లేదు. మనకు నచ్చిన దానిని కూడ త్రాసులో పెట్టుటయే శాస్త్రము. తోడు అన్నంతమాత్రమున చాలదు. ఎవరికి, ఎప్పుడు, ఏ రీతి తోడు అన్నది ఇంకను తేల్చుకొనవలసియున్నది.

మన దేశమునకు వత్తము. వాల్తేరులో పందొమ్మిదవ శతాబ్దిలోనే పిచ్చాసుపత్రి వెలసెను. ఎర్రగడ్డ పేరు హైదరాబాదులో పరిహాసమునకు వాడుకపదమైనది. మాట తప్పినవానిని, తిక్కపని చేసినవానిని ఎర్రగడ్డకు పంపవలెనని పిల్లలు సైతము ఆడిపోసికొందురు. కాని మన దేశమునుండి ప్రపంచము నేర్చుకొన్న పాఠము కూడ ఒకటి కలదు. 1950లలో అమృతసరసులోని మానసిక వైద్యశాలకు అధికారిగా నున్న డాక్టరు విద్యాసాగర్, రోగులతోపాటు వారి బంధువులను గూడ రప్పించి, ఆవరణలో గుడారములు వేయించి నివసింపజేసెను. తల్లియో, భార్యయో, అన్నయో ప్రక్కనుండి సేవచేయుచు వ్యాధిని గూర్చి నేర్చుకొనెడివారు. ఒక కుటుంబము మరియొక కుటుంబమును చూచి ధైర్యము తెచ్చుకొనెడిది. 1957లో వేలూరులో ఆరంభమైన మానసిక ఆరోగ్య కేంద్రమును బంధువులు వెంట ఉండు పద్ధతినే అవలంబించెను. పాశ్చాత్యులు రోగికి రోగిని తోడు చేసిరి. మనవారు ఇంటికి ఇంటిని తోడు చేసిరి.

అయినను పుస్సాను తీయించిన సంకెల మన నేలపై ఎంతకాలము మిగిలెనో తలచుకొన్న గుండె బరువెక్కును. 2001 ఆగస్టు 6వ తేదీ వేకువజామున తమిళనాడులోని రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, మనోరోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకొనెను. గొలుసులతో కట్టియుండుటచేత పారిపోలేక 28 మంది మరణించిరి. బిసెత్రలో సంకెలలు తీసిన 204 సంవత్సరములకు జరిగిన సంగతి యిది. సర్వోన్నత న్యాయస్థానము దానిని తనంతట తాను విచారణకు తీసికొనెను. 2017లో చేయబడి, 2018లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మనోరోగిని ఏ రూపమునను గొలుసులతో బంధింపరాదని శాసించినది.

చట్టము గొలుసును నిషేధింపగలదు. కాని మన యిండ్లలో ఇనుము లేని గొలుసులు కలవు. చుట్టములు వచ్చినప్పుడు వెనుక గదిలో ఉండుమని చెప్పబడు కూతురు, పెండ్లి సంబంధము చెడునని మందులు దాచి మ్రింగు అన్న, వైద్యశాలనుండి వచ్చిన నాటినుండి ఎవరును పేరు పెట్టి పలుకని వదినె, వీరెవరో వేరు దేశమువారు కారు. జ్వరము వచ్చి తగ్గినవానిని ఎట్లున్నదని అడుగుదుము. మనసు చెదరి కుదురుకొన్నవానిని చూచి మాటాడకయే తప్పుకొందుము. అడుగుట తెలియనిచోట టెలి-మానస్ వారి 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందు సౌకర్యము 2022నుండి ఉన్నది. అది మంచిదే. అయినను ఫోను పెట్టివేసిన తరువాత ప్రక్కన కూర్చుండవలసినవారు ఇంటివారే.

పారిస్ పటమునకు మరల వత్తము. అందులో వైద్యుని స్థానము వైద్యునకు ఉండనిండు. ఆ గౌరవము ఆయనకు తగినదే. కాని ఈసారి ఆ పటమును చూచువారు, ఒక్క క్షణము క్రింది చేతులను కూడ చూతురుగాక. ముడి ఎక్కడ ఉన్నదో ఎరిగిన చేతులవి. అట్టి చేతులు మన వీధిలోను, మన యింటిలోను ఉన్నవి. వానిని వెనుక గదిలోనుండి ముందు గదిలోనికి పిలుచుటయే మనము చేయవలసిన మొదటి పని.